తాళ్ళ లెక్క చెప్పిన సిమోన్ స్టెవిన్

తాడు లాగగలదు, తొయ్యలేదు. నమ్మకపోతే ఒక తాడు పట్టుకుని బల్లను తోసి చూడండి, చేతిలోనే ముడుచుకుపోతుంది. నూతిలో చేద వేసేవాళ్ళకూ, ఓడ మీద తెరచాప ఎత్తేవాళ్ళకూ ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కానీ ఒకే బరువును రెండు మూడు తాళ్ళు తలో దిక్కునుంచీ పట్టుకుని ఉంటే ఏ తాడు మీద ఎంత పడుతుంది? ఈ ప్రశ్నకు చేతి అలవాటుతో కాకుండా లెక్కతో జవాబు చెప్పినవాళ్ళలో ముందుగా తలుచుకోవలసినవాడు సిమోన్ స్టెవిన్. మీరు స్కూల్లోనో కాలేజీలోనో స్టాటిక్స్ చదువుతూ తాళ్ళ బొమ్మ గీసి బాణం గుర్తులు వేస్తుంటే, మీరు చేస్తున్నది చాలావరకు ఆయన మొదలుపెట్టిన పనే.

కథలోకి వెళ్ళేముందు కొన్ని మాటలు నేర్చుకుందాం. బిగుసుకున్న తాడు లాగే బలాన్ని మీ క్లాసులో టెన్షన్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాని పేరు తన్యత. ఇంట్లో అమ్మ టెన్షన్ పడకు అంటుందే, అది వేరే టెన్షన్, పరీక్షల ముందు వచ్చేది! ఇక ఒక బలం ఒక వస్తువును ఏదో ఒక బిందువు చుట్టూ ఎంత గట్టిగా తిప్పగలదో చెప్పేది మొమెంట్. తెలుగులో భ్రామకం. తలుపును గొళ్ళెం దగ్గర తోస్తే తేలిగ్గా తెరుచుకుంటుంది, మడతబందు దగ్గర తోస్తే అదే తలుపు మొరాయిస్తుంది. బలం అదే, దూరం మారింది, కాబట్టి భ్రామకం మారింది. కదలకుండా, తిరగకుండా నిలిచి ఉన్న వస్తువు సమతాస్థితిలో ఉందంటాం. అలా నిలిచి ఉన్నవాటి లెక్కే స్థితిశాస్త్రం.

స్టెవిన్ 1548లో బ్రూజ్ అనే ఊళ్ళో పుట్టాడు. అది ఇప్పుడు బెల్జియంలో ఉంది. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఫ్లాండర్స్ అనేవారు, స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉండేది. తల్లికీ తండ్రికీ పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో అలాంటి బిడ్డ పైకి రావడం అంత సులువు కాదు. తల్లి తరవాత పెళ్ళి చేసుకున్నాయన పట్టు, తివాచీల వ్యాపారి. స్టెవిన్ కూడా మొదట వ్యాపారుల మధ్యే బతికాడు. ఆంట్‌వెర్ప్ రేవులో లెక్కలు రాశాడు, పోలండ్, ప్రష్యా, నార్వే దేశాలు తిరిగాడు, బ్రూజ్ దగ్గర పన్నుల కచేరీలో గుమాస్తాగా చేశాడు. అంటే ముప్పై ఏళ్ళు దాటేదాకా ఆయన చేతిలో ఉన్నవి చిట్టా పుస్తకాలే.

1581లో ఉత్తరాన హాలండ్‌లోని లైడెన్ చేరాడు. రెండేళ్ళ తరవాత, 35 ఏళ్ళ వయసులో, అక్కడి యూనివర్సిటీలో విద్యార్థిగా పేరు రాయించుకున్నాడు. ఉత్తరాది రాష్ట్రాలు స్పెయిన్ మీద తిరగబడి యుద్ధం చేస్తున్న కాలం అది. 1585లో ఆంట్‌వెర్ప్ మళ్ళీ స్పెయిన్ చేతికి చిక్కాక దక్షిణాది నుంచి వేలమంది ఉత్తరానికి తరలిపోయారు. స్టెవిన్ వాళ్ళకంటే కాస్త ముందే వెళ్ళాడన్నమాట. పుట్టిన ఊరు వదిలి వేరేచోట స్థిరపడిన మనిషి, మీ ఇంట్లో పెద్దవాళ్ళలాగే. ఒక్క తేడా ఉంది: ఆయన వెళ్ళిన చోట కూడా ఆయన భాషే మాట్లాడతారు.

వరసగా పుస్తకాలు రాశాడు. 1582లో వడ్డీ పట్టికలు అచ్చువేశాడు. అప్పటిదాకా ఇలాంటి పట్టికల్ని అప్పులిచ్చే పెద్ద వర్తకులు తమ దగ్గరే గుట్టుగా ఉంచుకునేవారు. 1585లో దశాంశాల మీద ఒక చిన్న పుస్తకం తెచ్చాడు, ముప్పై పేజీలు కూడా ఉండదు. భిన్నాలతో కుస్తీ పట్టకుండా పదో వంతు, నూరో వంతు, వెయ్యో వంతు అని రాసుకుంటే కూడిక, గుణకారం అన్నీ మామూలు అంకెల్లాగే చేసుకోవచ్చని అందులో చూపించాడు. ఆ పుస్తకాన్ని పండితులకు కాదు, భూమి కొలిచేవాళ్ళకు, బట్ట కొలిచేవాళ్ళకు, సారాయి పీపాలు కొలిచేవాళ్ళకు రాశాడు. 1608లో వచ్చిన దాని ఇంగ్లీషు అనువాదం పేరు డిస్మ్, అంటే పదో వంతు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టి చూడండి. 1792 నాణేల చట్టంలో పది సెంట్ల నాణేనికి రాసిన పేరు కూడా డిస్మే. అదే తరవాత డైమ్ అయింది.

తాళ్ళ దగ్గరికి వద్దాం. 1586లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు తెలుగులో తూనిక కళ మూలసూత్రాలు అని అర్థం. దాని ముఖపత్రం మీద ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మను మీరు కాగితం మీద గీసుకుంటూ చదివితే మంచిది.

ఒక త్రిభుజపు దిమ్మెను నేలమీద నిలబెట్టారనుకోండి. ఎడమవైపు పొడుగు వాలు, కుడివైపు దానిలో సగం పొడవున్న పొట్టి వాలు. ఒకే సైజు, ఒకే బరువు ఉన్న 14 గుండ్లను సమాన దూరాల్లో దారానికి గుచ్చి, దండలా ముడివేసి, దిమ్మె మీద వేశారు. పొడుగు వాలు మీద 4 గుండ్లు కూర్చున్నాయి, పొట్టి వాలు మీద 2. మిగతా 8 కింద వేలాడుతున్నాయి. ఇప్పుడు ఈ దండ తనంతట తాను తిరుగుతుందా? ఎడమవైపు 4 ఉన్నాయి కదా, అటు జారాలి అనిపిస్తుంది. సరే, జారిందే అనుకుందాం. ఒక గుండు జరిగిన చోటికి వెనక గుండు వచ్చి కూర్చుంటుంది. బొమ్మ మళ్ళీ మొదట్లో ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు మళ్ళీ జారాలి, మళ్ళీ, మళ్ళీ. ఎవరూ తిప్పకుండా ఎప్పటికీ తిరిగే దండ ఉండదు, కాబట్టి అది అసలు కదలనే కదలదు అన్నాడు స్టెవిన్. కింద వేలాడే 8 గుండ్లు రెండు పక్కలా సమానంగా లాగుతున్నాయి, వాటిని కత్తిరించేసినా తేడా రాదు. ఇక మిగిలింది పొడుగు వాలు మీది 4, పొట్టి వాలు మీది 2. అవి ఒకదాన్నొకటి ఆపుకుంటున్నాయి. వాలు రెండింతలు పొడుగైతే, దాని మీద రెండింతల బరువును అంతే బలం ఆపుతుంది.

ఇందులో లెక్క ఎంత ఉందో చూడండి: దాదాపు ఏమీ లేదు. ఒక దండ, ఒక దిమ్మె, ఒక మొండి ప్రశ్న. ఇంత తక్కువ సామగ్రితో ఇంత దూరం నడిచిన ఆలోచన నాకు ఇంకొకటి గుర్తు రావడం లేదు. స్టెవిన్‌కూ ఇది ఎంతో ఇష్టం కాబోలు, తరవాతి పుస్తకాల మీద కూడా ఇదే బొమ్మను తన ముద్రలా వేయించుకున్నాడు.

వాలు నుంచి తాడుకు వెళ్ళడం ఒక్క అడుగే. వాలు మీద ఉన్న గుండును ఒక తాడు పైకి లాగి పట్టుకుంది. వాలు దాన్ని తన తలానికి లంబంగా తోస్తోంది. ఇప్పుడు ఆ వాలును తీసేసి, అది తోస్తున్న దిక్కులోనే అంతే బలంతో లాగే రెండో తాడు కట్టండి. గుండుకు తేడా తెలియదు. అంటే రెండు తాళ్ళకు వేలాడే బరువు లెక్క మన చేతికి వచ్చేసింది. రెండు తాళ్ళ తన్యతల్ని రెండు గీతలుగా గీసి సమాంతర చతుర్భుజం పూర్తిచేస్తే, దాని కర్ణం బరువును మోసే బలం అవుతుంది. మీ పుస్తకంలో వెక్టర్ల కూడిక అని ఉండేది ఇదే. స్టెవిన్ కాలానికి వెక్టర్ అనే మాట లేదు. తన్యతను మనం న్యూటన్లలో కొలుస్తాం కానీ, ఆ న్యూటన్ అప్పటికి పుట్టనేలేదు.

దీనివల్ల వచ్చే ఒక చిత్రమైన సంగతి మీ ఇంటి పెరట్లోనే చూడవచ్చు. 10 మీటర్ల దండెం మధ్యలో ఒక తడి దుప్పటి మూట వేలాడదీశారు, తాడు మధ్యలో 25 సెంటీమీటర్లు కిందికి దిగింది. అప్పుడు తాడులో తన్యత ఆ మూట బరువుకు దాదాపు 10 రెట్లు! దిగకుండా ఉండాలని ఇంకా బిగిస్తే తన్యత ఇంకా పెరుగుతుంది. ఎంత బిగించినా తాడు పూర్తిగా తిన్నగా రాదు, ముందే తెగుతుంది.

అదే పుస్తకంలో తులాదండం లెక్క కూడా ఉంది. అప్పటి పండితుల్లో కొందరు తులాదండం చివరలు గీసే వృత్తాలను బట్టి అది ఎందుకు నిలుస్తుందో వివరించేవారు. స్టెవిన్ ఒప్పుకోలేదు. కదలకుండా ఉన్న వస్తువు వృత్తం గీయదు కదా అని ఆయన వాదం. నిలిచి ఉన్నదాన్ని నిలిచి ఉన్నట్టే చూడాలన్నది ఆయన పట్టుదల.

ఇంకో పట్టుదల కూడా ఉంది. ఆ కాలంలో యూరప్‌లో శాస్త్రం అంటే లాటిన్. యూనివర్సిటీలో పాఠాలు లాటిన్, పుస్తకాలు లాటిన్. స్టెవిన్ తూనిక కళను డచ్చి భాషలో రాశాడు. పైగా శాస్త్రానికి డచ్చి ఎందుకు తగిన భాషో వివరిస్తూ పుస్తకం ముందు పెద్ద వ్యాసమే పెట్టాడు. డచ్చిలో ఒకే అక్షరోచ్చారణ ఉన్న చిన్న మాటలు వందలకొద్దీ ఉన్నాయి, వాటిని జంటగా అతికిస్తే ఎంత కొత్త భావాన్నైనా చెప్పవచ్చు అని పట్టికలు వేసి మరీ చూపించాడు. అన్ని భాషలకన్నా డచ్చి గొప్పదనేదాకా వెళ్ళాడు. అక్కడ కాస్త అతి చేశాడనే చెప్పాలి. కానీ పని మాత్రం గట్టిగా చేశాడు. గణితానికి ఆయన వాడిన మాటకు నిశ్చయమైన విద్య అని అర్థం. దాని నుంచి వచ్చిన విస్కుండె అనే మాటనే నెదర్లాండ్స్ పిల్లలు ఇవాళ కూడా లెక్కల క్లాసుకు వాడతారు. చుట్టుపక్కల దేశాల్లో మాథమాటిక్స్ అనే గ్రీకు మాటే రకరకాలుగా వినిపిస్తుంది.

మన దగ్గర కూడా ఈ పని జరిగింది, చాలా తరవాత. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా గ్రంథమాల పెట్టి తెలుగులో శాస్త్ర పుస్తకాలు తెచ్చారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కాలేజీ పుస్తకాలు, పరిభాష తయారుచేసింది. తన్యత, భ్రామకం అలాంటి పుస్తకాల్లో కనిపించే మాటలే. అవి సంస్కృతం నుంచి వచ్చాయి. స్టెవిన్ పద్ధతిలో అయితే తాడు, బరువు, వాలు, మోపు లాంటి ఇంటి మాటల్నే అతికించేవాళ్ళం. ఏది మేలో మీరే మీ క్లాసులో వాదించుకోండి.

లైడెన్‌లోనే స్టెవిన్‌కు మారిస్ రాకుమారుడితో పరిచయమైంది. మారిస్ తండ్రి విలియం తిరుగుబాటుకు నాయకుడు. 1584లో ఆయన్ని హత్య చేశారు. ఆ తరవాత సైన్యాన్ని నడిపే భారం పడుచు మారిస్ మీద పడింది. స్టెవిన్ అతనికి లెక్కలు నేర్పాడు, కోటల గురించి, నీళ్ళు ఎత్తిపోసే గాలిమరల గురించి సలహాలిచ్చాడు, సైన్యంలో పెద్ద ఉద్యోగం చేశాడు. 1600లో లైడెన్‌లో ఇంజనీర్ల బడి ఒకటి తెరిచారు. ఏం నేర్పాలో రాసిచ్చింది స్టెవినే. పాఠాలన్నీ డచ్చిలో. కోట గోడ కట్టే మేస్త్రీకి లాటిన్ ఎక్కడ వస్తుంది?

దాదాపు ఆ రోజుల్లోనే సముద్రపు ఒడ్డున ఇసుక మీద పరుగెత్తే తెరచాప బండి ఒకటి తయారుచేశాడు. నాలుగు చక్రాలు, తెరచాపలు, గుర్రాలు లేవు. రాకుమారుడితో కలిపి పాతికమందికి పైగా అందులో ఎక్కి షెవెనింగెన్ నుంచి పెటెన్ దాకా రెండు గంటల్లోపే వెళ్ళారని చెబుతారు. హాలండ్ అంతా ఆ బండి గురించే మాట్లాడుకుంది. తూనిక కళను చదివినవాళ్ళకంటే దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళే ఎక్కువ అయి ఉంటారు, లోకం తీరు అంతే.

మారిస్ కోసం రాసిన పాఠాలను రాకుమారుడు యుద్ధాలకు కూడా వెంట తీసుకెళ్ళేవాడు. ఆ చేతిరాత కాగితాలు ఎక్కడ పోతాయోనని భయమేసి అచ్చు వేయించారు. 1605 నుంచి 1608 దాకా పెద్ద సంపుటాలుగా వచ్చాయి. అందులో తూనిక కళకు కొత్త భాగాలు చేరాయి. కప్పీల మీద ఒకటి, గుర్రపు కళ్ళెం మీద ఒకటి, తాళ్ళ మీద ఒకటి. తాళ్ళ భాగానికి ఆయన పెట్టిన పేరుకు తాడు-బరువు అని అర్థం. ఏ కోణంలో కట్టిన తాళ్ళకైనా లెక్క అక్కడ కుదిరింది.

ఆ సంవత్సరాల్లోనే, 1605-06 ప్రాంతంలో, డచ్చి కంపెనీవాళ్ళు మన మచిలీపట్నంలో కోఠీ తెరిచారు. బందరు తీరాన లంగరు వేసిన ఆ ఓడల కొయ్యల్ని గాలిలో నిలబెట్టింది తాళ్ళే. అలాంటి కొయ్య లెక్క ఒకటి మనమూ చేద్దాం. అంకెలు తేలిగ్గా రావాలని నేను పెట్టుకున్నవి, పద్ధతి ఈనాటి మీ క్లాసుది.

6 మీటర్ల కొయ్య నిటారుగా ఉంది. దాని మొదలు నేలలో పాతలేదు, ఒక గుంటలో ఆనించారంతే, ఏ వైపుకైనా ఒరగగలదు. పడమటి గాలి దాని కొనను తూర్పుకు 600 న్యూటన్ల బలంతో తోస్తోంది. కొనకు కట్టిన రెండు తాళ్ళు నేలమీద రెండు మేకులకు బిగించి ఉన్నాయి. రెండు మేకులూ కొయ్యకు 3 మీటర్లు పడమరగా ఉన్నాయి. ఒకటి 2 మీటర్లు ఉత్తరానికి, ఇంకోటి 2 మీటర్లు దక్షిణానికి. పడమరకు ఒకే తాడు కడితే చాలదా అంటారేమో. గాలి కొంచెం పక్కకు తిరిగితే కొయ్య పక్కకు పడుతుంది. మూడో దిక్కు ఉండబట్టే రెండో తాడు కావాలి.

మొదలు దగ్గర నేల ఎంత తోస్తుందో మనకు తెలియదు. అందుకే భ్రామకాల్ని ఆ మొదలు చుట్టూనే తీసుకోండి. దూరం సున్న కాబట్టి తెలియని బలం లెక్కలోంచి తనే తప్పుకుంటుంది. గాలి భ్రామకం 600 × 6 = 3600. తాళ్ళు కట్టిందీ 6 మీటర్ల ఎత్తులోనే. కనుక రెండూ కలిసి పడమరకు 600 లాగాలి, ఒక్కోటి 300. ఇప్పుడు తాడు పొడవు: 3, 2, 6 వర్గాలు కూడితే 49, వర్గమూలం 7. తాడులో 7 పాళ్ళ తన్యత ఉంటే 3 పాళ్ళు పడమరకు, 2 పాళ్ళు పక్కకు, 6 పాళ్ళు కిందికి. పడమరకు 300 కావాలంటే తన్యత 700. పక్కకు లాగే 200లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కిందికి లాగే 600లు మాత్రం కలిసిపోతాయి. గాలి పక్కనుంచి 600తో తోస్తే, కొయ్య మొదలు మీద దాని సొంత బరువు కాక ఇంకో 1200 పడుతోంది! కొయ్యను ఒరగకుండా ఆపే తాళ్ళే దాన్ని కిందికి నొక్కుతున్నాయి.

తాళ్ళను సగం ఎత్తులో కడితే? దూరం 3 మీటర్లే, కాబట్టి పడమరకు 600 చాలదు, 1200 లాగాలి. ఓడవాళ్ళు తాళ్ళను ఎత్తుగా ఎందుకు కడతారో తెలిసింది కదా.

తాళ్ళను మళ్ళీ కొనకే కట్టేసి, గాలిని కొంచెం తిప్పుదాం. తూర్పుకు 600తో పాటు ఉత్తరానికి 100 కూడా తోస్తోంది. రెండు తాళ్ళ తన్యతల మొత్తం 1400 మారదు. కానీ దక్షిణపు తాడు 875కు ఎక్కుతుంది, ఉత్తరపుది 525కు దిగుతుంది. ఉత్తరం తోపు 400 అయితే దక్షిణపు తాడులో 1400, ఉత్తరపు తాడులో సున్న. అది వదులైపోయి వేలాడుతుంది. ఆ తరవాత ఇంకొంచెం తోస్తే కాగితం మీద ఉత్తరపు తాడుకు రుణ సంఖ్య వస్తుంది. రుణ సంఖ్య అంటే తాడు తొయ్యాలి. తాడు తొయ్యలేదు. కొయ్య పడిపోతుంది.

స్టెవిన్ చాలా ఆలస్యంగా సంసారి అయ్యాడు. అరవైలు దాటాక హేగ్ నగరంలో భార్య కాథరీనాతో, నలుగురు పిల్లలతో ఉన్నాడు. 1620లో చనిపోయేనాటికి వాళ్ళంతా చిన్నవాళ్ళు. రెండో కొడుకు హెండ్రిక్ పెద్దయ్యాక తండ్రి వదిలిన కాగితాలు పోగుచేసి 1649లో కొన్నిటిని అచ్చువేశాడు. డచ్చి రానివాళ్ళకు స్టెవిన్ అందింది అనువాదాల్లోనే. స్నెల్ చేసిన లాటిన్ అనువాదం ఆయన బతికుండగానే వచ్చింది, ఫ్రెంచి 1634లో. భ్రామకాల సూత్రానికి పేరుపడ్డ వారిన్యోన్ ఫ్రాన్స్‌లో తన పుస్తకం తెచ్చేసరికి 1687 అయింది.

ఇప్పుడు మీ వంతు. పైన కొయ్య లెక్కలో ఉత్తరం తోపు 100 బదులు 200 పెట్టండి. ముందు ఏ తాడు బిగుస్తుందో, ఏది వదులవుతుందో అంకెలు లేకుండా తెలుగులో పక్కవాళ్ళకు చెప్పండి. తరవాత కాగితం తీయండి. దక్షిణపు తాడు 1050, ఉత్తరపు తాడు 350 రావాలి.